మాండలికము అపభ్రంశమా?



ఆంగ్లమున గ్రంథవ్యవహారమునుండి తొలగిపోయినవియు, పల్లెపట్టుల మాత్రమే నిలిచియున్నవియు నగు పదములను నేటి శిష్టరూపములతో పోల్చి చూచినచో, శిష్టత్వము పదముయొక్క పుట్టుకలో లేదనియు, అది రాజధానియు ముద్రణాలయమును పాఠశాలయు కలసి కట్టబెట్టిన గౌరవమనియు తేటపడును. నేను విన్నవింపదలచిన దింతియే.

'ఆస్క్' అనుటకు మారుగా 'ఆక్స్' అనువానిని చదువుకొన్నవారు పరిహసింతురు. కాని ప్రాచీనాంగ్లమున నీ రెండు రూపములును సరిసమానముగ వాడుకలో నుండెను. చాసరు మహాకవి కావ్యములందును, 1535లో అచ్చయిన కవర్డేలు బైబిలునందును 'ఆక్స్' రూపము కానవచ్చుచున్నది. ఇంగ్లండు ఉత్తరమండలముల 'చిల్డర్' అను బహువచనము ప్రాచీనరూపమునుండి నేరుగ దిగివచ్చినది. మనము బడిలో వల్లించిన 'చిల్డ్రన్' ఆ బహువచనముమీద మరియొక బహువచనప్రత్యయమును తగిలింపగా నేర్పడినది. ఇందు వ్యాకర్త తప్పుపట్టవలసిన దెవ్వరిని? 'నెడర్' అను పాముపేరులోని నకారము ముందున్న 'ఎ' అను ఉపపదమున కంటుకొనిపోగా శిష్టభాషకు 'ఆడర్' మిగిలెను. ఉత్తరాది పల్లెలు ఆ నకారమును పోగొట్టుకొనలేదు. 'స్టార్వ్' అనగా పూర్వము మరణించుట. శిష్టభాష దానిని ఆకలికిని, ఉత్తరాది వాడుక చలికిని పరిమితము చేసినవి. అర్థసంకోచ ముభయత్ర సమానమే.

అట్లని మాండలికమే ఎల్లపుడు ప్రాచీనమనియు భ్రమపడరాదు. ముద్రాపకుడు కాక్స్టను 1490లో ఒక ముచ్చట వ్రాసెను. థేమ్సునదిపై ఓడలో బయలుదేరిన వర్తకులు గాలి లేక తీరమున దిగిరి. వారిలో నొకడు ఒక ఇల్లాలిని 'ఎగ్గ్స్' అడుగగా, ఆమె తనకు ఫ్రెంచి రాదనెను! అతనికిని ఫ్రెంచి రాదు గనుక కోపము వచ్చినది. వేరొకడు 'ఐరెన్' అన్నపుడు గాని అడిగినవి గ్రుడ్లని ఆమెకు బోధపడలేదు. ఇల్లాలిది ఆ నేలలో పుట్టిన పాతమాట. వర్తకునిది స్కాండినేవియానుండి ఉత్తరాదికి వలసవచ్చిన మాట. నేడు శిష్టమై వెలయుచున్నది వలసవచ్చినదే.

ఇట్టి పదములకు గ్రంథస్థానము కల్పించిన జోసెఫ్ రైటు 1855లో యార్కుషైరులో బీదయింట పుట్టి, రాతిగనియొద్ద గాడిదల తోలి, మిల్లులో కూలిచేసి, పదునైదేండ్ల ప్రాయమున అక్షరములు దిద్ది, తుదకు ఆక్స్‌ఫర్డులో ఆచార్యపీఠ మధిష్ఠించెను. తాను పెరిగిన విండ్‌హిల్ పలుకుబడికి 1892లో వ్యాకరణము రచించెను. 1898 మొదలు 1905 వరకు ఆంగ్లమాండలిక నిఘంటువు నారు సంపుటములుగ వెలువరించెను. ఏ మాట ఏ మండలమున ఏ యర్థమున వాడుదురో అందు నిరూపితమైనది. మనవైపున 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశము సైతము రైతుల నోటి మాటనే ప్రమాణముగ గైకొన్నది.

కావున ఈ సదస్సు వక్తలకు నాదొక మనవి: ఏ రూపమునైనను అపభ్రంశమని త్రోసివేయుటకు ముందు, అది ఏ యూర, ఎవరినోట, ఏ యర్థమున వినవచ్చినదో వ్రాసికొనుడు; తీర్పు తరువాత చెప్పవచ్చును. ఇక పత్రసమర్పణమునకు విద్వాంసులను సాదరముగ నాహ్వానించుచున్నాను.