ఒంగోలు దారిన రైలు

రైలు రాకముందు ఒంగోలు ప్రాంతపు సరుకుకు పెద్ద దారి తూర్పున ఉన్న బకింగ్‌హాం కాలువే. 1877 కరువులో ఆ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్న వేలమందికి కూలి దొరికేలా చూశారు. ఎంత గొప్ప పని!

1899లో విజయవాడ, మద్రాసుల మధ్య రైలుమార్గం పూర్తయింది. ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోని ఊరు. గుంతకల్లు నుంచి గుంటూరు వైపు వచ్చిన లైను మీటర్ గేజి. ఒంగోలు మీదుగా వెళ్లే మన లైను మొదటినుంచీ 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి. 1900లో గోదావరి వంతెన కూడా తెరవడంతో తీరం వెంట రాకపోకలకు అడ్డు తొలగింది.

ఈ దారిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేవి వంతెనలు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ, దక్షిణాన మూసి, పాలేరు, మన్నేరు నదులు. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. తుఫాను పడితే ఒక్క రాత్రిలో పొంగుతాయి. అందుకని వరద పరుచుకునే వెడల్పంతా లెక్కగట్టి ఖానాలు కట్టాలి, పునాదులు ఇసుక అడుగున గట్టినేల దాకా దించాలి. నల్లరేగడి మరో చిక్కు: వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, పట్టాల కింది కట్ట కుంగుతుంది.

1980 నాటికి ఈ మార్గమంతా విద్యుదీకరణ జరిగింది. వానాకాలపు గస్తీ మాత్రం ఆగలేదు. గ్యాంగ్‌మన్లు ఇప్పటికీ కట్ట వెంట నడిచి చూస్తూనే ఉన్నారు.