సోయి లేని ఉరుకు ఎవరికి లాభం?

(విద్యార్థి, ఉద్యోగ సంఘాల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధ విద్య మనకెందుకని కొందరికి అనిపించొచ్చు. మన కొట్లాట తుపాకులది కాదు. కానీ టైం తక్కువ, సమాచారం అరకొర, అయినా పదిమంది కలిసి నిర్ణయం తీసుకోవాలె. ఈ తిప్పలు సైన్యానికీ సంఘానికీ ఒక్కటే.

కొరియా యుద్ధంలో (1950-53) మిగ్-15 విమానం ఎత్తుకు ఎక్కుడులో అమెరికా ఎఫ్-86 కంటే మెరుగు. అయినా ఎఫ్-86 పైలట్లదే పైచేయి అయింది. వాళ్ల శిక్షణ ఒక కారణం. ఆ విమానంల నుంచి చుట్టూ బాగా కనిపించేది, ఒక కదలిక నుంచి ఇంకో కదలికకు జల్ది మారేది. ఆ యుద్ధంలో ఎఫ్-86 నడిపిన జాన్ బాయ్డ్, తర్వాతి కాలంలో నాలుగు మెట్లు చెప్పిండు: చూడు, సోయి తెచ్చుకో, నిర్ణయించు, ఆచరించు. మళ్లీ చూడు.

అసలు మెట్టు రెండోది. కండ్లతో చూసినదాన్ని మన అలవాటు, అభిమానం వడబోస్తయి. నచ్చని వార్తను అబద్ధమనుకుంటే, ఎంత ఉరికినా తప్పు తొవ్వలనే ఉరుకుతం.

2009 డిసెంబర్ 9న కేంద్రం రాష్ట్ర ప్రకటన చేసింది, 23న వెనక్కి పోయింది. సంబురాల్లోనే ఉంటే ఉద్యమం అక్కడే ఆగేది. పరిస్థితి మారిందన్న సోయితోనే ఆ నెలలోనే ఐక్య కార్యాచరణ సమితి పుట్టింది.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి, ఆర్టీసీ, బడులు, ఆఫీసులు అన్నీ ఆగినయి. అక్టోబర్‌ల మాత్రం సంఘాలు ఒక్కొక్కటిగా విరమించినయి. ఉద్యోగుల సమ్మె 42 రోజులకు ముగిసింది. సమ్మె ఎట్ల షురూ చెయ్యాలన్నంత గట్టిగ, ఎట్ల ముగించాలన్నది గూడ అందరూ కూసొని ముందే తేల్చుకోవాలె. ఏ సంఘానికైనా ఇది పాఠం.

అమెరికా సైన్యంలో ప్రతి విన్యాసం తర్వాత పెద్దా చిన్నా కలిసి కూసొని మాట్లాడే పద్ధతి ఉంది. ఏం అనుకున్నం? ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? రేపు ఏం మార్చాలె? అక్కడ హోదా అడ్డం రావొద్దు. మన మీటింగుల్లో తీర్మానాలుంటయి, చప్పట్లుంటయి, ఈ నాలుగు ప్రశ్నలుండవు. అడిగినోన్ని ద్రోహి అంటే, రేపటి నుంచి నిజం చెప్పేటోడు మీటింగుకే రాడు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాల ముచ్చట ఒడవలేదు. జెండా ఏదైనా, నాయకుడు ఎవరైనా, ముందు లెక్కలు తెద్దాం, పుకార్లను పక్కకు పెడదాం, ఎదురు మాట విందాం. ఎవరు, ఏ పని, ఏ తారీఖుకు అన్నది రాసుకొని లేద్దాం.

జై తెలంగాణ!