సెకండ్ హ్యాండ్ స్కూబా సిలిండర్ వయసెంత? దాని భుజం మీదే ఉంటుంది!

ఈరోజు నేను మోసపోయిన కథ చెప్తా. డబ్బులు పోయాయి, ప్రాణం మిగిలింది.

మాది వైజాగ్. రుషికొండలో డైవింగ్ నేర్చుకున్నాక సొంత సామాన్లు కొనాలనే పిచ్చి పట్టింది. ఒకాయన దగ్గర పాత సెట్ దొరికింది. సిలిండర్, రెగ్యులేటర్, జాకెట్. "అమెరికా సరుకు తమ్ముడూ, 2019ది" అన్నాడు. సిలిండర్ మీద 19 అని కొట్టి కూడా ఉంది. నమ్మేశా.

గాలి నింపించడానికి తీసుకెళ్తే అక్కడి అన్న కంప్రెసర్ ఆన్ చెయ్యలేదు. టార్చ్ వేసి సిలిండర్ భుజం చూపించాడు. భుజం అంటే, వాల్వ్ కింద గుండ్రంగా వంగే చోటు. "19 పుట్టిన తేదీ కాదురా, చివరి టెస్ట్ తేదీ. అన్నిటికంటే పాతది వెతుకు" అన్నాడు.

వెతికా. ముందు 6, మధ్యలో ఒక గుర్తు, తర్వాత 86. అంటే 1986 జూన్! నాకంటే పెద్దది.

అమెరికాలో ఈ సిలిండర్లకి 5 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్ చెయ్యాలి. నీళ్లు నింపి, మామూలు కంటే ఎక్కువ ప్రెషర్ పెట్టి చూస్తారు. పాసైన ప్రతిసారీ కొత్త తేదీ కొడతారు. అందుకే ఒకే సిలిండర్ మీద నాలుగైదు తేదీలు ఉంటాయి. అమ్మేవాళ్లు కొత్తది చూపిస్తారు, మనం పాతది చూడాలి.

పాతదైతే ఏమైంది అంటారా? 3ఏఎల్ అని ఉంటే అది అల్యూమినియం సిలిండర్. 1990కి ముందు తయారైన వాటిలో కొన్ని 6351 అనే మిశ్రమ లోహంతో చేసినవి. వాటికి మెడ దగ్గర లోపల పగుళ్లు రావచ్చు. అలా కొన్ని పేలాయి కూడా. మామూలు హైడ్రో టెస్ట్‌లో ఆ పగుళ్లు దొరక్కపోవచ్చు, ఎడ్డీ కరెంట్ అనే వేరే టెస్ట్ కావాలి. కారు టైరులో ఉండేది 30, 35 పీఎస్ఐ. ఇందులో 3000. ఆ అన్న చెయ్యి ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది.

మిగతా సామాన్లకి ఇలా పైకి కనిపించే తేదీ ఉండకపోవచ్చు. రెగ్యులేటర్ సీరియల్ నంబర్ ఫొటో తీసి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పంపండి. ఏ ఏడాదిదో, స్పేర్లు ఇంకా వస్తున్నాయో అడగండి. స్పేర్లు రాకపోతే అది షోకేస్‌లోకే. గొట్టాలని మెటల్ కలిసే చోట వంచి చూడండి. సన్నని పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే. జాకెట్‌లో గాలి నింపి రాత్రంతా వదిలెయ్యండి, పొద్దున్నకి మెత్తబడితే లీకే.

ఇంకో మాట. తేదీల మీద మందంగా కొత్త పెయింట్ ఉంటే దండం పెట్టి వచ్చెయ్యండి.

నా సిలిండర్‌ని మళ్లీ ఎవరికీ అమ్మలేదు. ఎవరూ నింపకుండా అడ్డంగా కోయించేశా. అమ్మితే నా డబ్బులు నాకొచ్చేవి, కానీ ప్రమాదం ఇంకో తమ్ముడి వీపెక్కేది.

డబ్బులు ఇచ్చే ముందు ఒక్క ఫొటో అడగండి. సిలిండర్ భుజం ఫొటో, చుట్టూ మొత్తం. అది పంపకపోతే బేరమే వద్దు. ఉంటా మరి, జాగ్రత్త!