గాయకులు పొలాలకెందుకు వెళ్లిపోయారు?



నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయంలో ఒక చిన్న సంగతి ఉంది. దేవాలయంలో సేవ చేసే లేవీయులు, గాయకులు ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు. భక్తి తగ్గి కాదు, వాళ్లకు రావలసిన భాగం అందక. నెహెమ్యా గాయకులను తప్పుపట్టలేదు, అధికారులను నిలదీశాడు.

ఆ మాట మమ్మల్నీ నిలదీసింది. బళ్లారిలో మా సంఘంలో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్లమ్మ జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి వెళ్తుంది. ఆదివారం కీబోర్డు వాయించేది అతనే. పీయూసీ అయ్యాక, "అయ్యగారూ, కాలేజీలో గాత్రం, ఆర్గన్ చదువుకుంటాను" అన్నాడు. "పాట కూడు పెడుతుందా నాయనా?" అన్నాం. మూడేళ్లు ఉచితంగా వాయించుకున్న మేమే ఆ మాట అన్నాం. ఇప్పుడతను జీన్స్ యూనిట్‌లో ఇస్త్రీ పనికి పోతున్నాడు. మా గాయకుడూ పొలానికి వెళ్లిపోయాడు.

"చెవితో నేర్చుకున్నాడుగా, ఇంకా చదువెందుకు?" అంటారు. పైప్ ఆర్గన్ మీటను గట్టిగా నొక్కితే ధ్వని పెరగదు, వేలు తీసేదాకా ఆగదు. చేతులకు రెండు మూడు వరుసల మీటలుంటే, పాదాలకు వేరే వరుస ఉంటుంది. గాత్రానికి ఊపిరి, ఉచ్చారణ, నొటేషన్, గొంతు కాపాడుకునే పద్ధతి కావాలి. ట్రాన్స్‌పోజ్ బటన్ ఇవేవీ నేర్పదు.

19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరిగారు కర్ణాటక రాగతాళాల్లో క్రైస్తవ కీర్తనలు రచించారు. సంగీతం గురువు గడప తొక్కనివ్వని మాల మాదిగ పల్లెల్లోకి ఆ రాగాలు గుడి ద్వారా వచ్చాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. వాటిని చూసి పాడగలవాళ్లం మనలో ఎందరం? పాట మన పేటకు వచ్చింది, చదువు ఇంకా రాలేదు. ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మా పిల్లలకు బడిలో కన్నడం, గుడిలో తెలుగు. రెండు భాషల్లో పాడే గొంతు వాళ్లది. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. చెన్నైలో 2008లో కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ మొదలైంది. ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షలు మన దేశంలోనే రాయవచ్చు. దారులున్నాయి, ఫీజూ హాస్టల్ ఖర్చే అడ్డు.

అందుకే పెద్దలను అడుగుతున్నాం. సౌండ్ బాక్సులకు చందా వేసే మనం, నెలకొక కానుక సంగీత విద్యార్థి కోసం తీయలేమా? వాయించేవారికి కనీసం దారి ఖర్చులైనా ఇవ్వలేమా? ఆడపిల్ల అడిగినా ఇదే జవాబు ఇద్దాం.

యువతీ యువకులారా, వరం ఉందని సాధన మానకండి. దావీదు కాలంలో దేవుని సేవలో పాడినవారు 288 మంది, అందరూ నేర్చుకున్నవారే.

మేము వాళ్లింటికి వెళ్లి, ఆ తల్లినీ బిడ్డనూ క్షమాపణ అడిగాం. దరఖాస్తు ఇంకా నింపలేదు. నెహెమ్యా ఊరికే నిలదీయలేదు, గాయకులను తిరిగి వాళ్ల స్థలాల్లో నిలబెట్టాడు. మిగిలిన ఆ పని మనది. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.