మొదటి ఏడాది మేం ఇంట్లో చెప్పనివి

(ఆదివాసీ దినోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



మేం నలుగురం. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. పాడేరు చుట్టుపక్కల మండలాల వాళ్ళం. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చదివి, ఈఏపీసెట్ రాసి, విశాఖపట్నం శివారులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాం. ఇప్పుడు మూడో సంవత్సరం. మా విజయం గురించి మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగారు. విజయం అనుకునేంత ఇంకా ఏమీ లేదు, ఉద్యోగాలు రాలేదు. మొదటి ఏడాది గురించి అయితే చెబుతామన్నాం. నలుగురం కూర్చుని రాసుకున్నాం, ఒకరం చదువుతున్నాం.

మొదటి రోజు క్లాసులో పక్కవాళ్ళు పేరు కూడా అడక్కుండా "ర్యాంకు ఎంత?" అని అడిగారు. ర్యాంకు చెబితే ఏ కోటాలో వచ్చామో తెలిసిపోతుంది. మాలో ఒకరం అబద్ధం చెప్పాం. ఇద్దరం గుర్తు లేదన్నాం. ఒక అమ్మాయి మాత్రం నిజం చెప్పింది. "ఓ, ఎస్టీనా" అని అటు తిరిగి కూర్చున్నారు. మన రాష్ట్రంలో మనకున్న 6 శాతం సీట్లు ఎవరి దయా కాదని మాకు తెలుసు. ఇలాంటి సభల్లో చిన్నప్పటి నుంచీ విన్నాం. తెలిసినా ఆ రోజు గొంతు పెగల్లేదు.

ఊరు పాడేరు వైపు అంటే ఇంకో ప్రశ్న వచ్చేది: "అక్కడ గంజాయి బాగా దొరుకుతుందట కదా?" మొదట్లో మేం కూడా నవ్వేసేవాళ్ళం. మా ఇళ్ళ దగ్గర ఉన్నది కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా. అది చెప్పడానికి మాకు ఆరు నెలలు పట్టింది.

ఇవన్నీ చదువుకు సంబంధం లేని సంగతులు అనుకుంటారేమో. మా విషయంలో చదువు చెడింది అక్కడే. క్లాసులో నోరు విప్పితే మన యాసో, మన ఇంగ్లీషో బయటపడుతుందని వెనక బెంచీల్లో కూర్చున్నాం. అర్థం కానిది అడగలేదు. గురుకులంలో గంట కొడితే లేచేవాళ్ళం, స్టడీ అవర్‌లో సారు పక్కనే ఉండేవారు. ఇక్కడ నిద్ర లేపే వాళ్ళు లేరు, తెలిసిందా అని అడిగే వాళ్ళూ లేరు.

ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ సంగతి ఒకటి చెప్పాలి. మన దేశంలో ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో గీయిస్తారు. అందులో వస్తువును పైనుంచి చూసినప్పుడు కనబడేది కాగితం మీద కిందకు వస్తుంది. కుడి నుంచి చూసింది ఎడమకు వస్తుంది. మాలో ఒకడు వాళ్ళ అయ్యతో కలిసి ఇంటి పైకప్పుకు వాసాలు కట్టినవాడు. ఏ వాసం ఎక్కడ ఆనుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అలాంటివాడు పైది కిందకు ఎందుకొచ్చిందో తెలియక రెండు నెలలు షీట్లు పక్కవాళ్ళవి చూసి ఎక్కించాడు. ఒక్కసారి చెయ్యెత్తి ఉంటే ఐదు నిమిషాల పని. వస్తువు మనకూ గోడకూ మధ్యలో ఉంటుంది, అవతలి గోడ మీద దాని ఆకారం పడుతుంది, తర్వాత ఆ గోడల్ని విప్పి పరుస్తాం, అంతే. ఇది తర్వాత మాకు చెప్పింది శ్రీకాకుళం నుంచి వచ్చిన క్లాస్‌మేట్, అట్టపెట్టె ఒకటి విప్పి చూపించి.

మొదటి సెమిస్టర్ ఫలితాల్లో నలుగురికీ కలిపి ఏడు సబ్జెక్టులు పోయాయి. వాటిలో మూడు ఈ వాసాల కుర్రాడివే. సంత రోజున సిగ్నల్ అందే చోటికి వచ్చి ఇంటివాళ్ళు ఫోన్ చేసేవారు. "అన్నం తిన్నావా?" అంటే తిన్నామనేవాళ్ళం. "బాగా చదువుతున్నావా?" అంటే ఆఁ అనేవాళ్ళం. ఫోన్ పెట్టేసేవాళ్ళం.

చైత్రంలో ఇటుకల పండగకని వాడు ఊరెళ్ళాడు. పండగ అయి పది రోజులైనా రాలేదు, ఫోన్ ఎత్తలేదు. మిగతా ముగ్గురం ఘాట్ బస్సెక్కి వెళ్ళాం. చేలో ఉన్నాడు. చదువు మానేశానన్నాడు. మా మాటలు పక్కనే ఉన్న వాళ్ళ అయ్య విన్నాడు.

"బ్యాక్‌లాగంటే ఏటిరా?"

"మూడు పరీక్షలు పోయాయి."

"మళ్ళీ రాయనిస్తారా?"

"రాయనిస్తారు."

"మరి ఇక్కడేటి చేస్తున్నావు?"

అంతకంటే ఆయన ఏమీ అనలేదు. కొడుకు తిట్లకు సిద్ధపడి ఉన్నాడు. ఆ నలభై రాత్రుల భయం మాటల్లో పెడితే నాలుగు ముక్కలే అయింది. మర్నాడు నలుగురం కిందకు దిగాం. హాజరు 75 శాతానికి తగ్గిందని వాడు కాండొనేషన్ ఫీజు కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు మిరియాలు అమ్మగా వచ్చింది.

ఆ తర్వాత మేం పెద్దగా చేసిందేమీ లేదు. ఒకరి చేను పని ఉంటే ఊరంతా వెళ్ళి చేసినట్టు, ఎవరికి వచ్చింది వాళ్ళు మిగతావాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాం. మ్యాట్రిక్సులు ఒకామె, సీ ప్రోగ్రామింగ్ ఇంకొకామె. ముందు బెంచీకి మారాం. మొదటిసారి చెయ్యెత్తినప్పుడు ఎవరూ నవ్వలేదు. రెండోసారి నవ్వారు. అప్పటికి ఫర్వాలేదనిపించింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మాకెవరూ చెప్పని కొన్ని సంగతులు. మా కాలేజీలో ఒక్కో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 30, సెమిస్టర్ పరీక్ష 70. ఆ 70లో కనీసం 25, మొత్తం మీద 40 రావాలి. రెండు మిడ్‌లలో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం లెక్క, కాబట్టి ఒక మిడ్ పోయిందని దిగులుపడి రెండోది మానుకోవద్దు. మీ కాలేజీలో లెక్క వేరేగా ఉండొచ్చు, మొదటి వారంలోనే ఆఫీసులో అడగండి. అప్పు చేసి లాప్‌టాప్ కొనొద్దు. మొదటి ఏడాదికి ల్యాబ్ చాలు, ప్రోగ్రామ్ ముందు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పండగకు రండి, కానీ వచ్చే ముందు హాజరు ఎంతుందో చూసుకోండి.

పెద్దలకు ఒక మనవి. ఫోన్ చేసినప్పుడు అన్నం సంగతి అడగండి. దాంతోపాటు "ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది?" అని కూడా అడగండి. ఆ పేరు మీకు అర్థం కానక్కర్లేదు. చెప్పడానికి మాకొక సందు దొరుకుతుంది.

మా నాలుగు మినీ డ్రాఫ్టర్లూ తెచ్చాం. మాకిక పని లేదు. కొత్తగా చేరేవాళ్ళు మీటింగ్ అయ్యాక వచ్చి తీసుకోండి. ఒకదానికి స్క్రూ వదులుగా ఉంది, గీసే ముందు బిగించుకోవాలి.