పాతబండికి గూఢరక్షణము
(జంగారెడ్డిగూడెమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహ నిర్మాణమును గూర్చియు, వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు పెద్దలు ఉదయమునుండి ప్రసంగించుచున్నారు. కార్యదర్శిగారు మమ్ము కాళిదాసునిపై నాలుగు మాటలు చెప్పుడని కోరిరి. వారి యనుమతితోనే మేము విషయమును మార్చుకొంటిమి. పాత పికప్ బండిని దొంగలబారినుండి కాపాడుకొనుట యెట్లను విషయము నేడు మనవి చేయదలచితిమి. ఈ మాట వినగానే ముందువరుసలోని కొందఱు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. ముప్పదియైదు సంవత్సరములు పిల్లలచేత శబ్దమంజరి వల్లెవేయించినవానికి డీజిలు పంపుతో నేమి పని? పని కలిగినది. అది యెట్లు కలిగెనో మొదట చెప్పెదము.

ఈ మెట్టప్రాంతమున మనవారిలో ననేకుల బ్రతుకు నాలుగు చక్రములమీద నడచుచున్నది. వర్జీనియా పొగాకు బేళ్లు వేలము కేంద్రమునకు చేరవలెనన్నను, పామాయిలు గెలలు ఫ్యాక్టరీకి పోవలెనన్నను, తాడేపల్లిగూడెము నుండి ఉల్లిపాయల బస్తాలు రావలెనన్నను బండి కావలెను. కొల్లేటి చెరువులవైపు పోయిన మన బంధువులకు చేపలపెట్టెలును, మంచుగడ్డలును మోయుటకు బండియే దిక్కు. క్రొత్తబండి కొనగలవారు మనలో కొలదిమందియే. తక్కినవారు పది పదునైదేండ్లు తిరిగినదానిని కొని, దానికి రంగువేయించి, నిమ్మకాయలు కట్టి, దానితోడనే సంసారము నీడ్చుచున్నారు. కాగితముమీద దాని విలువ స్వల్పము. ఇంటికి మాత్ర మదియే యన్నము.

మా తమ్ముని కుమారుడు అట్టి బండి నొకదానిని కొనెను. నాలుగేండ్లక్రిందట మార్గశిరమాసమున నొకరాత్రి ఇంటిముందు నిలిపిన బండి తెల్లవాఱునప్పటికి లేదు. అద్దము పగిలిన గుర్తు లేదు. ఇంజను చప్పుడు విన్నవారును లేరు. బండి నడపు కుర్రవాడు ఇరువదిరెండేండ్లవాడు, తండ్రి లేనివాడు. రెండవ తాళపుచెవి వానియొద్ద నుండెడిది. లోకమునకు అంతకంటె నేమి కావలెను? ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెతను ఆ యుదయము మా వీధిలో నెందఱినోట వింటిమో లెక్కలేదు. ఆ మాటను మొదట ననినవారము మేమే. ఈ సంగతి సభలో నొప్పుకొనుటకే మేము కాళిదాసును విడిచి యిచ్చటికి వచ్చితిమి.

ఆ కుర్రవాడు పిలిచినప్పుడెల్ల వచ్చి, అడిగినదానికే మఱల మఱల సమాధానము చెప్పెను. పందొమ్మిది దినములకు బండి దొరకెను. ఇచ్చటినుండి జీలుగుమిల్లిమీదుగా పోయిన అశ్వారావుపేట యెంతో దూరము గాదు. 2014 జూన్ 2న తెలంగాణము ఏర్పడిన పిదప అది వేఱు రాష్ట్రము. ఈ యూరిలో దొంగిలించినవాడు కోడికూయకమునుపే రాష్ట్రము దాటిపోగలడు. బండి ఆవలివైపున నొక పాతయినుపకొట్టు వెనుక, చక్రములును, బ్యాటరియును, స్టెప్నీయును లేక పడియుండెను. సంఖ్యలను ఆకురాతితో అరగదీసిరి. పనిముట్ల పెట్టె మూతకు లోపలివైపున మా మనుమరాలు ఎఱ్ఱరంగుతో వ్రాసిన అ ఆ ఇ ఈ లను చూచి మావాడు అది తన బండియని గుర్తించెను. పట్టుపడిన యిరువురును ఆ కుర్రవాని మొగమైన నెఱుగనివారు. వారికి తాళపుచెవితో పనియే లేకపోయెను. అరిగిన తాళమునకు అరిగిన చెవి యేదైనను పట్టును. వారు బండిని చప్పుడు కాకుండ పల్లమువఱకు త్రోసికొనిపోయి, అచ్చట గేరులో వేసి నడిపించుకొనిపోయిరి.

మేము కుర్రవాని యింటికి పోతిమి. వాని తల్లి మంచము వాల్చి, మంచినీళ్లు తెచ్చి యిచ్చినది. వాడు "మీరు పెద్దవారు మాష్టారూ, మీరేమన్నా పడతాము" అనెను. పనిలోనికి మాత్రము మఱల రాలేదు.

శూద్రకుని మృచ్ఛకటికమును మేము తరగతిలో ననేక పర్యాయములు చెప్పితిమి. శర్విలకుడను దొంగ జందెమును కొలత్రాడుగా చేసికొని గోడకు కన్నము వేయు ఘట్టమునకు పిల్లలు పగులబడి నవ్వెడివారు. ఆ దొంగ కుమారస్వామికి మ్రొక్కుటయు వారికి వింతగా నుండెడిది. ఆ నవ్వులలో తరువాతి మాటను మేమును సరిగా చదువలేదని యిప్పుడు తోచుచున్నది. వసంతసేన దాచుమని యిచ్చిన నగలు పోయినవని తెలిసినప్పుడు చారుదత్తుని బాధించినది నగలు పోవుట కాదు. దరిద్రుడనైన నా యింట దొంగలు పడిరన్న నెవరు నమ్ముదురని. అతని యిల్లాలు ధూత తన రత్నహారము నిచ్చి భర్త పరువు నిలిపెను. మా కుర్రవాని తల్లికి రత్నహారము లేదు.

ఆనాటినుండి మేము ఈ విద్య నభ్యసింప మొదలిడితిమి. ఏలూరులోను, ఈ యూరిలోను మెకానిక్కుల కొట్ల ముందు బల్లలమీద కూర్చుండి, వారు విసుగుకొనునంతవఱకు ప్రశ్నించితిమి. వారు మాకు గురువులైరి.

దొంగ పాతబండినే యేల కోరును? క్రొత్తబండ్ల తాళపుచెవిలో నొక చిన్న ఎలక్ట్రానిక్ ముక్క యుండును. బండిలోని కంప్యూటరు దానిని గుర్తుపట్టిననే ఇంజను సాగును, లేకున్న మొండికెత్తును. పాత డీజిలు బండ్లలో ననేకమునకు కంప్యూటరే లేదు. తాళము త్రిప్పుటకు స్క్రూడ్రైవరు చాలును, లేదా రెండు తీగలు కలిపిన చాలును. పైగా పాతబండి భాగములు విడివిడిగా త్వరగా అమ్ముడుపోవును. 2019 ఏప్రిల్ 1 నుండి క్రొత్తబండ్లకు అశోకచక్రపు ముద్రతో, విప్పుటకు వీలుకాని నంబరుపలకలు వచ్చినవి. అంతకు ముందరి బండ్లలో ననేకమునకు నేటికిని రెండు మరలు విప్పిన ఊడివచ్చు పలకలే యున్నవి.

అయినను పాతబండికి క్రొత్తబండికి లేని గుణ మొకటి కలదు. అది కదలకపోయిన నెవరును ఆశ్చర్యపడరు. క్రొత్తబండి మొరాయించిన దొంగ "ఇచ్చట నేదో కిటుకు కల"దని వెదకును. పాతబండి మొరాయించిన "పాడుబండి, చెడిపోయిన"దని తిట్టుకొని పోవును. చీకటిలో వానికుండు వ్యవధి కొలది నిమిషములే. గూఢరక్షణమంతయు ఈ యొక్క విషయముమీద నాధారపడియున్నది. మన బండి ముసలితనమే దానికి మాఱువేషము.

ఇక చేయవలసిన దేమి? చాలమంది సెల్ఫు తీగకు దొంగమీట పెట్టించుకొని నిశ్చింతగా నిద్రపోవుదురు. అది చాలదు. పెట్రోలు ఇంజనువలె డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ యక్కఱలేదు. బండిని త్రోసి గేరులో వేసినయెడల సెల్ఫు లేకయే ప్రాణము వచ్చును. మా బండి పోయినది ఆ విధముననే. కావున నాపవలసినది డీజిలును. అనేక పాతబండ్లలో డీజిలు పంపునకు సొలెనాయిడ్ అను చిన్న విద్యుత్తలుపు కలదు. తాళము త్రిప్పినప్పుడు కరెంటు వచ్చి ఆ తలుపు తెఱచుకొనును. కరెంటు పోయిన మూసికొనును. ఆ తీగమధ్య నొక చిన్న మీటను పెట్టించి, మీటను కంటికి కానరానిచోట దాచినయెడల, త్రోసినను, ఈడ్చినను, తాళమును పగులగొట్టినను ఇంజను పలుకదు. అయితే కొన్ని బండ్లలో నిది తలక్రిందులుగా నుండును. వానిలో కరెంటు వచ్చినప్పుడే పంపు ఆగును. అట్టిదానికి ఇట్టి మీట పెట్టిన ఫలము సున్న. మీ బండి యే రకమో మిస్త్రీని ముందుగా నడుగుడు.

కొందఱు డీజిలు గొట్టమునకే బండిక్రింద నొక యిత్తడి కుళాయి పెట్టింతురు. దానిని మూసినను గొట్టములో మిగిలిన డీజిలుతో బండి కొంతదూరము పోయి నడివీథిలో నాగును. దొంగ విడిచి పాఱిపోవును గాని, గొట్టములో గాలిచేరి, మరునాడు దానిని చేతిపంపుతో వెడలగొట్టునప్పటికి మనకు చెమటలు పట్టును. మాకు మీటయే మేలని తోచినది. మీట నెచ్చట పెట్టవలెనో మేము చెప్పము. అచ్చుకాబోవు సంచికలో నిట్టి రహస్యములేలయని నిన్న నొక మిత్రుడు మమ్ము మందలించెను. ఉపాయము రహస్యము గాదు, స్థలమే రహస్యము. బండిలో అట్టి స్థలములు వందయుండును.

ఒక్క హెచ్చరిక. తీగ పనిలో పిసినారితనము కూడదు. వదులుగా చుట్టిన తీగ వేడెక్కి బండినే కాల్చగలదు. బ్యాటరీ చెంతనే ఫ్యూజు పెట్టింపవలెను. ఉపగ్రహముల సాయముతో బండి జాడ తెలుపు యంత్రములు ఇప్పుడు విరివిగా దొరకుచున్నవి. వానిలో కొన్ని, మన చేతి ఫోనునుండి ఆజ్ఞ యిచ్చిన ఇంజనును ఆపివేయును. పరుగెత్తు బండిని అట్లు ఆపరాదు. ఇంజను ఆగిన బ్రేకులకు బలము సన్నగిల్లును, స్టీరింగు బరువెక్కును. దొంగతోబాటు దారిన పోవువాడును చచ్చును. నిలిచినపిదప మఱల లేవకుండ చేయుటయే తగును. ఆ యంత్రము ఇనుపరేకుల నడుమ దాచిన ఆకాశమును చూడజాలదు. డాష్‌బోర్డులో పెట్టిన దొంగ మొదట వెదకునది యదే. దానికి సొంత బ్యాటరీ యుండవలెను. దాని సిమ్ముకు రీచార్జి చేయుట మఱువరాదు. మఱచినవారిని మేమెఱుగుదుము.

ఇంకను కొందఱు రాత్రివేళ బండికి కరెంటు తగిలించుట కలదని వింటిమి. పొలములలో పందులకై పెట్టిన కరెంటు తీగలకు మనుష్యులు బలియగుచుండుట మనమెఱిగినదే. బండికి చేయి తాకించినంతమాత్రమున మరణశిక్ష విధించుటకు మన మెవరము? అది నేరము, చచ్చువాడు బంతికై వచ్చిన పిల్లవాడు కావచ్చును.

అద్దముల మూలలయందు ఛాసిస్ సంఖ్యను చెక్కించుడు. బండిలో కనబడనిచోట మీకు మాత్రమే తెలిసిన గుర్తు నుంచి, దాని ఛాయాచిత్రమును దాచుకొనుడు. మాకు అ ఆ లు ఉపకరించినట్లు మీకేదో యుపకరించును.

ఇప్పుడు ముఖ్యవిషయము. దొంగమీట స్థలము డ్రైవరునకు చెప్పవలెనా వలదా? మా యింట పెద్ద వాదమే జరిగెను. చెప్పరాదని మావాడు, చెప్పి తీరవలెనని మేము. చెప్పకున్న, అర్ధరాత్రి ఆకివీడు దారిలో చేపలతో నిలిచిన బండిని వాడెట్లు కదల్చును? మంచు కరగును, సరకు కుళ్లును. అంతేకాదు. మీట లేనినాడు పోయిన బండికి చెవి యున్నవాడే దొంగ యయ్యెను. మీట నుంచి, దాని స్థలమును మనమే పిలిచి చూపినపుడు "నిన్ను నమ్మితిమి" అని నోటితో ననకయే యనినట్లగును. తుదకు మాదే గెలుపు. క్రొత్త డ్రైవరును ప్రక్కన కూర్చుండబెట్టుకొని మావాడే చూపెను.

గతసంవత్సరము వానకాలమున మఱల నొకరాత్రి దొంగలు వచ్చిరి. తెల్లవాఱి చూడగా బండి వీథిమొగను అడ్డముగా నిలిచియుండెను. స్టీరింగు క్రింది మూత పగిలి, తీగలు బయటికి వ్రేలాడుచున్నవి. త్రోసి త్రోసి అలసిపోయిరి కాబోలు. డ్రైవరు వచ్చి, తీగలు సరిచేసి, మీట నొక్కి, బండిని ఇంటిముందుకు తెచ్చెను. ఈ పర్యాయము మా వీధిలో నెవరును సామెత చెప్పలేదు.

ఇన్ని చేసినను పోయిన బండి పోవచ్చును. అప్పుడు తడవు చేయక 112 కు ఫోను చేయుడు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త చట్టములప్రకారము నేరము జరిగిన దేయూరైనను మీరున్నచోటి ఠాణాలోనే ఫిర్యాదు చేయవచ్చును. సరకులు మోయు వాహనమును దొంగిలించినవానికి భారతీయ న్యాయసంహిత 305వ సెక్షను క్రింద ఏడేండ్లవఱకు శిక్ష పడవచ్చును. బీమా సంగతియు వినుడు. తప్పనిసరియైన థర్డ్ పార్టీ బీమా దొంగతనమునకు పనికిరాదు. దొంగతనమునకు వర్తించు పూర్తి బీమా వేఱు. బండి పోయినపుడు కంపెనీవారు రెండు తాళపుచెవులను అడుగుదురు. చెవి బండిలోనే విడిచితిరని తేలిన పేచీ పెట్టుదురు. పోలీసులకు వెంటనే తెలిపియున్నపుడు, కంపెనీకి తెలుపుటలో నాలస్యమైన దను నొక్క కారణముచేత పరిహారము నిరాకరింపరాదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆలస్యము చేయుడని దీని యర్థము గాదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు కైకలూరులో చేపలబండి నడపుచున్నాడు. మొన్న ఏలూరు బస్సు నిలయమున కనబడి, తానే దగ్గఱకు వచ్చి, "బండి బాగున్నదా మాష్టారూ?" అని యడిగెను. బాగున్నదంటిమి. దానిలోని మీటను గూర్చి చెప్పబోయితిమి. ఇంతలో వాని బస్సు వచ్చెను.

తుదకొక ప్రకటన. ఉదయము సభకు వచ్చునపుడు ఆవరణలో నిలిపిన బండ్లను మేము చూచుచు వచ్చితిమి. వానిలో నాఱింటికి తాళపుచెవులు బండ్లయందే వ్రేలాడుచున్నవి. ఆ యాఱింటిని తీసి కార్యదర్శిగారి కప్పగించితిమి. భోజనముల పిమ్మట బండి నంబరు చెప్పి తీసికొనగలరు. వానిలో నొకటి మా తమ్ముని కుమారునిది.