స్టేషన్ నడవదు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అన్నది ఇప్పుడే చదివి వినిపించారు. లెక్కల్లోకి రాని సంగతి ఒకటి నేను చెప్తాను. కరోనా కాలంలో మన చిన్నపిల్లలకు దూరం పాటించడం ఎట్ల నేర్పినం అన్నది.

2020 మార్చి నడుమ బడులు మూతబడ్డాయి. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. మనకు టీవీలో చెప్పారు, మైకుల్లో చెప్పారు, దుకాణాల ముందర గుండ్రాలు గీసి చూపించారు. నాలుగేండ్ల పిల్లలకు ఎవరు చెప్పారు? మనమే చెప్పినం. భయపెట్టి చెప్పినం.

నా తప్పు నేను ఒప్పుకుంటాను. మా అత్తమ్మకు షుగర్ ఉంది. నా కొడుకు ఎప్పుడూ ఆమె ఒళ్లోనే. "నాయనమ్మ దగ్గరికి పోకు, నీ వల్ల కరోనా వస్తే చచ్చిపోతది" అన్నాను. వాడు మళ్లీ పోలేదు. మాట విన్నాడని సంబరపడ్డాను. నాలుగు రోజుల తరువాత, రాత్రిపూట దుప్పటి నోట్లో కుక్కుకుని దగ్గుతున్నాడు. ఏందిరా అంటే, "దగ్గితే నాయనమ్మ చచ్చిపోతది కదా" అన్నాడు.

అది మామూలు దగ్గే. రెండు రోజుల్లో పోయింది. కానీ అదే జ్వరమై, దాన్నీ దాచిపెట్టి ఉంటే? భయం పిల్లలకు దూరం నేర్పలేదమ్మా, దాచుకోవడం నేర్పింది.

ఆ ఏడాదే ఫిబ్రవరి 7న మన చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా జేబీఎస్, ఎంజీబీఎస్ నడుమ మెట్రో మొదలైంది. పిల్లలు తలెత్తి చూసి మురుస్తుండగానే, నెలన్నరకు ఆగిపోయింది. "రైలు ఎందుకు వస్తలేదు?" అని మావాడు రోజూ అడిగేవాడు. ఒక సాయంత్రం "పా, మనమే నడుపుదాం" అని ముగ్గురం డాబా ఎక్కినం.

ఒక చీర తీసుకున్నాను. చీర అయిదున్నర మీటర్లు, అంటే సుమారు పద్దెనిమిది అడుగులు. మూడు మడతలు వేస్తే ఆరడుగులు. పాటించమన్న రెండు గజాల దూరం అంతే. ఆ కొలతతో ముగ్గుపిండితో మూడు గుండ్రాలు వేసినం. గుండ్రానికో స్టేషన్. అత్తమ్మ ముషీరాబాద్, వాడు చిక్కడపల్లి, నేను నారాయణగూడ. అత్తమ్మ "కూ" అంటే రైలు బయలుదేరినట్టు. చిక్కడపల్లి చేతులు చాపి తలుపులు తెరుస్తది, ఎవరు దిగినారో చెప్తది. ఒకనాడు మామిడిపండ్ల గంప దిగింది, ఒకనాడు ఏనుగు దిగింది.

మూడోనాడు అత్తమ్మ మరిచిపోయి వాని దిక్కు రాబోయింది. "నాయనమ్మా, స్టేషన్ నడవదు! రైలుకు జాగ వద్దా?" అని వాడు పకపకా నవ్విండు. నేను భయపెట్టి చెప్పిన దూరమే అది. ఇప్పుడు వాడే నవ్వుకుంటూ చెప్తున్నడు.

తరువాత లాక్‌డౌన్ సడలింది. వాడకట్టు పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసినా అదే ఆట. ఒక పాప "నేను గాంధీ హాస్పిటల్ స్టేషన్" అంది. వాళ్ల నాన్న అప్పుడు దవాఖానలో ఉన్నాడు. "ఇక్కడ దిగినోళ్లు మంచిగై మళ్లీ రైలెక్కుతరు" అని తనే చెప్పింది. నోరు తెరిచి అడగలేని మాటను ఆ పిల్ల ఆటలో చెప్పుకుంది.

ఇంకొక మాట. ఒక్క గదిలో అయిదారుగురు పడుకునే ఇండ్లు మనవి. అక్కడ ఆరడుగులు ఎక్కడి నుంచి తెస్తాం? ఒళ్లో కూర్చున్న పిల్లను నెట్టేయొద్దు. నల్లా దగ్గర, రేషన్ వరుసలో, దగ్గుతో ఉన్నవాళ్ల దగ్గర, బయటి ఆటల్లో దూరం నేర్పుదాం. చేతులు పట్టుకుని తిరిగే ఒప్పులకుప్ప అప్పట్లో కొన్నాళ్లు ఆగింది. తొక్కుడుబిళ్ల, నాలుగు స్తంభాలాట మనకున్నవే. చెమ్మచెక్క చేతులు తగలకుండా గాలిలోనే ఆడొచ్చు.

కరోనాలో చిన్న తరగతుల బడులు చాలా కాలం తెరవలేదు. అప్పుడు వాళ్లకు బడి మనమే అయినం. వచ్చే పొదుపు మీటింగులో ప్రతి సంఘం పది నిమిషాలు దీనికి ఇవ్వాలని అడుగుతున్నాను. మీ పిల్లలు ఏ ఆట ఆడుతున్నరో ఒకరికొకరు చెప్పుకోండి. అంతకంటే ముందు, ఇంటికి పోయి పిల్లలకు ఈ మాట చెప్పండి: "దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా అమ్మకు చెప్పు. నీ తప్పేం లేదు, అమ్మ కోప్పడదు."